ప్రోగ్రాములకూ పూడిక పడుతుంది

మన గోదావరి జిల్లాల్లో ఈనాడు సాఫ్టువేరు వుద్యోగి లేని వీధి లేదంటే అతిశయోక్తి కాదు. సంక్రాంతికి ముందు రెండు రోజులు ఏలూరు స్టేషనులోనో, తాడేపల్లిగూడెం స్టేషనులోనో నిలబడి చూడండి. వచ్చే ప్రతి రైలూ, వీపున నల్లసంచి తగిలించుకున్న కుర్రవాళ్ళనూ ఆడపిల్లలనూ గుంపులుగా దింపిపోతుంది. వాళ్ళ జీతమెంతో తల్లిదండ్రులకు తెలుసు. కంపెనీ పేరు తెలుసు. ఏ దేశం వాళ్ళతో రాత్రిపూట మాట్లాడవలసి వస్తుందో కూడా తెలుసు. కాని, “ఇంతకూ మీవాడు అక్కడ చేసే పని ఏమిటండీ?” అని అడిగితే మాత్రం, “ఏవో ప్రోగ్రాములు రాస్తాడుటండీ” అని వూరుకుంటారు.

రాయడమనే మాట వినగానే మనకు కవి గుర్తుకు వస్తాడు. ముందు తెల్లకాగితం, చేతిలో కలం, కిటికీలోంచి చల్లగాలి. నిజానికి ఈ పిల్లల్లో చాలామందికి తెల్లకాగితం దొరకదు. పదేళ్ళ క్రితమో ఇరవై ఏళ్ళ క్రితమో ఎవరో రాసి, మరెవరో దిద్ది, ఇంకెవరో అతుకువేసి వెళ్ళిపోయిన ప్రోగ్రామును వాళ్ళకు అప్పగిస్తారు. అందులో ఒకచోట ఒక మార్పు చెయ్యాలి. మిగతాదేదీ చెడకూడదు. చాలామంది వుద్యోగం చాలావరకు అదే.

నేను కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. కంప్యూటర్లతో నాకున్న పరిచయం స్వల్పం. అయితే నా దగ్గర పద్యాలు వల్లెవేసిన పిల్లలు ఎందరో ఇప్పుడు ఈ పనిలో వున్నారు. వాళ్ళు చెప్పగా విని, ఆసక్తి పుట్టి, పుస్తకాలు తిరగవేసి తెలుసుకున్న సంగతులు కొన్ని పాఠకులకు మనవి చేస్తాను. తెలుసుకున్నకొద్దీ ఇది మన కాలవల సంగతీ, మన వ్యాకరణం సంగతీ కూడా అనిపించింది.

అరగని వస్తువు ముసలిదెలా అవుతుంది?

బియ్యం మిల్లులో బెల్టు అరుగుతుంది. పంపుసెట్టులో బేరింగు పోతుంది. పడవచెక్క నానినాని పుచ్చుతుంది. ప్రోగ్రాముకు ఈ బాధలేవీ లేవు. 2005లో రాసిన వాక్యం ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా అలాగే వుంటుంది. తుప్పు పట్టదు, చెద తినదు. అయినా ఈ పిల్లలు, “మాది చాలా పాత ప్రోగ్రాము మాస్టారూ, ముట్టుకుంటే భయం” అంటూ వుంటారు. అరగని వస్తువు ముసలిదెలా అయింది?

ఈ ప్రశ్నను మొదట్లోనే శ్రద్ధగా పట్టించుకున్నవారిలో మెయిర్ లేమన్ అనే శాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. 1925లో జర్మనీలో పుట్టి, ఇంగ్లండులో పెరిగి, అమెరికా వెళ్ళి ఐ.బి.ఎం. కంపెనీ పరిశోధనశాలలో పనిచేశాడు. ఆ కంపెనీ 1964లో ప్రకటించిన ‘360’ కంప్యూటర్ల కోసం ఒక బ్రహ్మాండమైన నిర్వాహక ప్రోగ్రామును తయారుచేసింది. దానికి ఒకదాని తరువాత ఒకటిగా కొత్త కూర్పులు వెలువడుతూ వచ్చాయి. లేమనూ, లాజ్లో బెలాడీ అనే మరొక శాస్త్రజ్ఞుడూ కలిసి, ఒక్కొక్క కూర్పుకూ ప్రోగ్రాము ఎంత పెరిగింది, ఎన్ని భాగాలను కదిలించవలసి వచ్చింది అని లెక్కలు కట్టారు. రానురాను, మార్పు కోసం చెయ్యి పెట్టవలసిన భాగాలు ఎక్కువవుతూ వచ్చాయి.

1974లో లేమన్ దీన్నంతటినీ సూత్రాలుగా చెప్పాడు. మొదటి సూత్రం: లోకంలో వాడుకలో వున్న ప్రోగ్రాము మారుతూ వుండక తప్పదు, మారకపోతే క్రమంగా పనికిరాకుండా పోతుంది. రెండవ సూత్రం: మారుతున్న ప్రోగ్రాము, పనిగట్టుకుని సరిచేయకపోతే, మరింత మరింత చిక్కుపడుతుంది.

అంటే ప్రోగ్రామును ముసలిదాన్ని చేసేది కాలం కాదు, మనం చేసే మార్పులే. అలాగని మార్చకుండా వుంచడానికీ వీలు లేదు. మారకపోతే చావు, మారితే చిక్కు. అయితే రెండవ సూత్రంలో ‘సరిచేయకపోతే’ అనే మాట ఒకటున్నది. ఆశంతా ఆ మాటలోనే వున్నది.

మన తెలుగువాళ్ళకు ఈ సంగతి ఆది నుంచీ అనుభవమే. 2000వ సంవత్సరం రాబోతున్నప్పుడు, పాత ప్రోగ్రాములెన్నిటిలోనో సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే రాసుకున్నందువల్ల 2000కూ 1900కూ తేడా తెలియకుండా పోతుందని ప్రపంచమంతా గాభరా పడింది. ఆ పాత లెక్కలు దిద్దడానికి అమెరికా వెళ్ళినవారిలో తెలుగువాళ్ళు ఎందరో వున్నారు. మన యువకులు చాలామందికి సముద్రం దాటడానికి దారి చూపింది కొత్తవి రాయడం కాదు, ఎవరో రాసినవి మరమ్మతు చేయడం!

కైకలూరు ఏ జిల్లా?

మారక తప్పదంటే ఏమిటో మన వూళ్ళలోనే చూద్దాం. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతవరకు పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణంగా వున్న ఏలూరు, తన పేరుతోనే వేరే జిల్లా అయింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే మిగిలింది గాని, జిల్లా కేంద్రం భీమవరానికి వెళ్ళింది. కొల్లేటి పక్కనున్న కైకలూరు అంతవరకు కృష్ణా జిల్లా. ఆ రోజు నుంచీ ఏలూరు జిల్లా.

మనుషులకు ఇది ఒక్క పూటలో తలకెక్కింది. ప్రోగ్రాము సంగతి చూడండి. దస్తావేజులు దాచే ప్రోగ్రాము ఒకటి వున్నదనుకుందాం. కైకలూరు పక్కన ‘కృష్ణా’ అని వున్నచోటల్లా ‘ఏలూరు’ అని దిద్దితే చాలదా? చాలదు. 2010లో రాసిన దస్తావేజు మీద కృష్ణా జిల్లా అనే వుండాలి. ఆనాటికి అదే సత్యం. 2023లో రాసినదాని మీద ఏలూరు అని వుండాలి. కనుక ప్రోగ్రాములో ఒక ‘అయితే’ వచ్చి చేరుతుంది. తేదీ ఫలానా రోజుకు ముందైతే ఇలా, తరువాతైతే అలా.

బండి నంబర్ల సంగతీ ఇంతే. పశ్చిమ గోదావరి బండ్లకు ఏ.పి. 37, కృష్ణా బండ్లకు ఏ.పి. 16 అని వుండేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏ.పి. 39 అనే వరస మొదలయింది. కాని పాత 37 నంబరు బండ్లు రోడ్ల మీద కనిపిస్తూనే వున్నాయి. నంబరును చూసి జిల్లా చెప్పేటట్టు రాసుకున్న ప్రోగ్రాము ఏదైనా వుంటే దానికి ఇంకొక ‘అయితే’ తప్పదు. అంతకు ముందు 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. ప్రతిదానికీ ఒక ‘అయితే’, ఒక ‘కాకపోతే’.

వీటిలో ఏ ఒక్క మార్పూ తప్పు కాదు. చిక్కల్లా అవి పోగుపడడం వల్ల. ఒకదానితో ఒకటి సంబంధం లేని ‘అవునా, కాదా’ ప్రశ్నలు 10 వుంటే, వాటి జవాబుల కలయికలు 1,024. ప్రశ్నలు 20 అయితే కలయికలు 10,48,576. ప్రశ్నలు రెట్టింపయితే కలయికలు వెయ్యి రెట్లు దాటాయి. ఇన్నిటినీ నడిపించి చూడడం ఎవరి తరం? చూడకుండా మిగిలిపోయిన ఏదో ఒక దారిలో, ఏ ముసలమ్మ పింఛనో ఆగిపోవచ్చు. కిటికీ అవతల వున్న గుమాస్తా, “కంప్యూటరు తీసుకోవడంలేదమ్మా” అంటాడు. పాపం, అతనికీ అంతకంటే తెలియదు.

1976లో థామస్ మెకేబ్ అనే అమెరికన్ ఈ దారుల చిక్కుకు ఒక కొలబద్ద ఇచ్చాడు. ప్రోగ్రాములో ఒక ముక్కను తీసుకుని, అందులో దారి చీలే చోట్లు లెక్కపెట్టి, ఒకటి కలపమన్నాడు. చీలికే లేకపోతే 1. మూడు చీలికలుంటే 4. ఆ సంఖ్య 10 దాటితే ఆ ముక్కను విడగొట్టడం మంచిదని సలహా చెప్పాడు. ఈ కొలత ఈనాటికీ వాడుకలో వున్నది.

పడవ, దోనె, లాంచీ

విడగొట్టడమంటే ఎలా? దీనికి ఒక చక్కని పద్ధతి 1960ల నాటికే నార్వే దేశంలో పుట్టింది. ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ అనే ఇద్దరు ‘సిమ్యులా 67’ అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. తరువాత అమెరికాలో ఆలన్ కే బృందం చేసిన స్మాల్‌టాక్, 1985లో వెలువడిన సి ప్లస్ ప్లస్, 1995లో వచ్చిన జావా, అన్నీ ఆ దారిన నడిచినవే. దీన్ని ఆబ్జెక్టు పద్ధతి అంటారు. మన పిల్లలు చాలామంది పనిచేసేది ఇందులోనే.

తర్కశాస్త్రం వాసన తగిలినవారికి ఇది సులువుగానే బోధపడుతుంది. మనవాళ్ళు జాతి అనీ, వ్యక్తి అనీ అంటారు. ‘పడవ’ అనేది జాతి. కొల్లేట్లో ఫలానా రేవున కట్టివున్న ఫలానా పడవ వ్యక్తి. వీళ్ళు జాతిని క్లాసు అంటారు. వ్యక్తిని ఆబ్జెక్టు అంటారు. ప్రతి క్లాసూ తన సరుకు తన దగ్గరే భద్రంగా పెట్టుకుంటుంది. ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. అత్తగారి భోషాణం లాంటిదనుకోండి. లోపల ఏది ఎక్కడ సర్దారో కోడలికి అక్కరలేదు. కావలసినది అడిగితే ఆవిడే తీసి ఇస్తుంది.

ఇంకొక సదుపాయం వారసత్వం. పడవ అనే క్లాసు కింద దోనె, లాంచీ అనే క్లాసులు పెట్టుకోవచ్చు. పడవకు చెప్పిన గుణాలన్నీ మళ్ళీ చెప్పకుండానే వాటికి దిగివస్తాయి. సంస్కృత వ్యాకరణం చదివినవారికి ఇది వింత కాదు. పాణిని సుమారు 4,000 సూత్రాలలో అంత పెద్ద భాషను ఇమడ్చగలిగాడంటే, అనువృత్తి అందుకొక కారణం. పై సూత్రంలోని మాట కింది సూత్రాలకు తనంతట తాను దిగివస్తుంది. ఎంత పొదుపు! కాని ఈ పొదుపులోనే ప్రమాదమూ వున్నది. పై సూత్రంలో ఒక్క మాట మారిస్తే, దాని నీడన వున్న కింది సూత్రాలన్నీ చెప్పాపెట్టకుండా మారిపోతాయి.

పడవల లెక్క చూసే ప్రోగ్రాములో ఎవరో లాంచీలను మనసులో పెట్టుకుని, ‘ప్రతి పడవకూ డీజిలు ఖర్చు రాయాలి’ అని పై క్లాసులో చేర్చారనుకోండి. లాంచీలకు బాగానే వుంటుంది. పాపం, గెడ వేసి నడుపుకునే తాటిదోనెను కూడా ఆ ప్రోగ్రాము, డీజిలెంత అని నిలదీస్తుంది! అప్పుడు, ‘దోనె అయితే అడగవద్దు’ అని ఒక మినహాయింపు. కొన్నాళ్ళకు ఎవరో దోనెకు మోటారు బిగిస్తారు. మినహాయింపుకు మినహాయింపు. మూలసూత్రాన్ని దిద్దకుండా మినహాయింపులు పేర్చుకుంటూ పోతే వ్యాకరణం ఏమవుతుందో ప్రోగ్రామూ అదే అవుతుంది.

చిక్కు ఎక్కడికి పోయింది?

ఈ పద్ధతిలో రాసిన ప్రోగ్రాములను మెకేబ్ కొలబద్దతో కొలిస్తే చాలా ముక్కలు చిన్నవిగా, శుభ్రంగా కనిపిస్తాయి. మరి చిక్కు పోయిందా? పోలేదు, చాలావరకు చోటు మారింది. ముక్క లోపల తగ్గి, ముక్కకూ ముక్కకూ మధ్యకు వచ్చి చేరింది. గదులన్నీ వూడ్చి చెత్తంతా వసారాలో పోసినట్టు. క్లాసులు 10 వుంటే వాటి మధ్య కుదరగల జతలు 45. క్లాసులు 100 అయితే జతలు 4,950.

అందుచేత కొత్త కొలతలు కావలసివచ్చాయి. 1994లో శ్యామ్ చిదంబర్, క్రిస్ కెమరర్ అనే ఇద్దరు ఆరు కొలతలు ప్రకటించారు. ఒక క్లాసు నెత్తిన ఎంత పని వున్నది, దాని వంశం ఎన్ని తరాల లోతున వున్నది, దానికి పిల్లలెందరు, ఎన్ని ఇతర క్లాసులతో చుట్టరికం కలుపుకున్నది, దానికొక మాట చెబితే ఎన్ని పనులు కదులుతాయి, దాని లోపలి పనులకు ఒకదానితో ఒకటి పొత్తు వున్నదా, లేక ఒకే కప్పు కింద వేరుకాపురాలా. పెళ్ళిసంబంధం చూసేవాళ్ళు కూడా ఇంతకంటే అడగరు!

ఇటువంటి కొలతలతో పెద్దపెద్ద ప్రోగ్రాముల చరిత్రను ఏళ్ళ తరబడి పరిశీలించినవారికి మూడు సంగతులు పదేపదే కనిపించాయి.

చిక్కు అంతటా సమానంగా పెరగదు. చాలా క్లాసులు మొదట ఎంతవో దాదాపు అంతే వుంటాయి. కొద్ది క్లాసులు మాత్రం పెరిగి పెరిగి కొండలవుతాయి. కొత్త పని ఏది వచ్చినా, అప్పటికే అన్నీ తెలిసిన పెద్ద క్లాసుకు అప్పగించడం సులువు గనుక. వుమ్మడి కుటుంబంలో పనిచేసే కోడలి నెత్తినే ఇంకా పని పడుతుంది గదా!

రెండవది, సగటు చూసి మోసపోకూడదు. చిన్నచిన్న కొత్త క్లాసులు చేరుతూ వుండడం వల్ల సగటు అంతగా కదలదు. జబ్బుపడిన ఆ కొద్ది క్లాసులూ దాని చాటున దాగివుంటాయి.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. పెరిగిన చిక్కు దానంతట అది తగ్గదు. ఎక్కడైనా గీత మెట్టు దిగినట్టు దిగిందంటే, అక్కడ ఎవరో కూర్చుని పనిగట్టుకుని శుభ్రం చేశారన్నమాట.

ఒక్క అక్షరం చేసిన పని

దారులు పెరిగినచోట ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమే ప్రపంచానికి చూపించింది. ‘జ్ఞానం’ అన్న మాటలో మొదటి అక్షరం ‘జ్ఞా’. దాని దీర్ఘానికి ముందు, కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు వుండేటట్టు రాసి పంపితే, ఐఫోనులో ఆ సందేశాన్ని తెరమీద చూపబోయిన ప్రోగ్రాము కుప్పకూలేది. ఆనాటి 11.2.5 కూర్పులో ఈ బాధ వుండేది. ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పు విడుదల చేసి దాన్ని సరిచేసింది.

జ, పొల్లు, ఞ, విడదీత గుర్తు, దీర్ఘం. ఈ అయిదింటిలో ఏ ఒక్కటీ కొత్తది కాదు. విడివిడిగా అన్నిటికీ ఆ ఫోను అలవాటుపడినదే. అయిదూ ఆ వరసలో కలిసినప్పుడే కాలు జారింది. అంతటి కంపెనీకే ఈ గతి పట్టినప్పుడు, నెలాఖరు లోపల పని ముగించాలని తొందరపెట్టే చోట మన పిల్లల గతి ఏమిటో వూహించుకోండి.

పారే కాలవలో పూడిక

కొల్లేటి లంకగ్రామం నుంచి వచ్చి నా దగ్గర చదువుకున్న కుర్రవాడు ఒకడు హైదరాబాదులో పనిచేస్తున్నాడు. ఒక సంక్రాంతికి తండ్రితో కలిసి మా యింటికి వచ్చాడు. ముఖం వడిలిపోయి వున్నది. “ఏమిరా, పండుగపూట అలా వున్నావు?” అన్నాను.

“వుద్యోగం మానేద్దామనుకుంటున్నాను మాస్టారూ” అన్నాడు. వాడికి అప్పగించిన ప్రోగ్రాము ఇరవై ఏళ్ళ నాటిది. అందులో ఒక క్లాసు వేల పంక్తులకు పెరిగిపోయింది. ఇటు దిద్దితే అటు చెడుతుంది. చెడినప్పుడల్లా అర్ధరాత్రి వీడికి ఫోను. రెండు నెలలు గడువిస్తే దాన్ని విడదీసి బాగుచేస్తానని పైవాళ్ళను అడిగాడట. “బాగుచేస్తే కస్టమరుకు కొత్తగా కనిపించేదేమిటి?” అన్నారట వాళ్ళు. కనిపించేదేమీ వుండదు. కనుక గడువు లేదు.

తండ్రి వరీ, చేపలచెరువూ చూసుకునే మనిషి. అంతవరకు వూరికే వింటున్నవాడు, నా వంక తిరిగి, “వీడు చెప్పేది పూడిక సంగతి కాదుటండీ మాస్టారూ?” అన్నాడు.

“అదే నాన్నా” అన్నాడు కొడుకు ఆశ్చర్యంగా.

“మరి పారే కాలవలో పూడిక తియ్యలేం గదరా. వేసంగిలో కాలవ కట్టేస్తారు, అప్పుడు తీస్తాం. మీవాళ్ళు ఎప్పుడు కట్టేస్తారు?”

“మాకు కట్టెయ్యడం వుండదు నాన్నా. మూడువందల అరవై అయిదు రోజులూ పారవలసిందే.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. “అయితే కష్టమే” అన్నాడు చివరకు.

ఆ రైతు అడిగిన ప్రశ్నలో ఎంత అనుభవమున్నదో చూడండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట ముగించాడు. ఆ నీటితో మన డెల్టా పచ్చబడింది. అయితే కాలవ తవ్వి వదిలేస్తే ఈపాటికి మనకు మిగిలేది బురదే. ప్రతి వేసవిలోనూ కాలవలు కట్టివేసి, పూడిక తీసి, తూములూ లాకులూ చూసుకోవడం ఏర్పాటులోనే ఒక భాగం.

పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి కొల్లేరు వున్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో మురుగుకాలవలు వచ్చి అందులో పడతాయి. సముద్రానికి నీరు వెళ్ళే దారి మాత్రం ఉప్పుటేరు. సరస్సులో చేపలచెరువుల గట్లు ఒక్కరోజున లేవలేదు. ఒకటొకటిగా లేచాయి. ఒక్క గట్టు సరస్సును ఏమీ చెయ్యదు. అన్నీ కలిస్తే నీటికి దారి వుండదు. 1999లో అయిదవ కాంటూరు వరకు అభయారణ్యమని ప్రకటించారు. 2002లో రామ్సార్ జాబితాలో చేర్చారు. 2005–06లో గట్లు కొట్టివేశారు. అప్పటికి ఆ గట్ల మీద ఎందరి బ్రతుకులో ఆధారపడివున్నాయి గనుక, ఆ పని ఎంత బాధపెట్టిందో ఈ ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు.

పాత ప్రోగ్రాములోనూ ఇదే ఇబ్బంది. చిక్కు ముదిరేనాటికి దాని మీద ఎవరో ఒకరు ఆధారపడివుంటారు. ఆలస్యమైనకొద్దీ బాగుచేయడం ఖర్చూ అవుతుంది, నొప్పీ పెడుతుంది. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామరు 1992లో దీన్ని అప్పుతో పోల్చాడు. తొందరపడి అతుకువేయడం అప్పు తేవడమే. తీర్చకుండా వున్నన్నాళ్ళూ, చేసే ప్రతి పనిలోనూ వడ్డీ కట్టుకోవాలి. వడ్డీ మాట మన మధ్యతరగతివాళ్ళకు వివరించనక్కరలేదు గదా.

జర్మను నోట్సు

మరి ఎప్పుడూ పారే కాలవలో పూడిక తీయడానికి ఉపాయమే లేదా? వున్నది. ప్రోగ్రాము పైకి చేసే పని ఏమాత్రం మారకుండా, లోపలి అమరికను చిన్నచిన్న అడుగులుగా మార్చుకుంటూ, ప్రతి అడుగుకూ పరీక్షించుకుంటూ పోవడం. దీన్ని రీఫాక్టరింగు అంటారు. 1999లో మార్టిన్ ఫౌలర్ ఆ పేరుతోనే ఒక పుస్తకం వెలువరించాక ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. తట్టలతో ఎత్తిపోసినట్టు, రోజుకు నాలుగు తట్టలు. నీరు ఆగదు, పూడికా తగ్గుతుంది.

దీనికి మంచి వుదాహరణ లిబ్రెఆఫీసు. వుత్తరాలూ లెక్కలూ రాసుకునే ఈ ప్రోగ్రాము ఎవరైనా వుచితంగా వాడుకోవచ్చు; తెలుగులోనూ దొరుకుతుంది. దీని మూలపురుషుడు 1985లో జర్మనీలో పదహారేళ్ళ కుర్రవాడు స్థాపించిన కంపెనీలో పుట్టిన స్టార్‌ఆఫీసు. 1999లో దాన్ని అమెరికాలోని సన్ కంపెనీ కొనుక్కున్నది. 2000లో దాని మూలరచనను లోకానికి తెరిచిపెట్టింది. 2010లో సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్ళాక, ఆ ఏడు సెప్టెంబరు 28న కొందరు వేరుపడి లిబ్రెఆఫీసును మొదలుపెట్టారు.

వాళ్ళకు దక్కిన ఆస్తి, సి ప్లస్ ప్లస్‌లో రాసిన లక్షల పంక్తులు. అందులో తొలినాటి జర్మన్ ప్రోగ్రామర్లు ‘ఇది ఇందుకు రాశాం’ అని తమ భాషలో రాసుకున్న నోట్సు ఎక్కడపడితే అక్కడ వున్నది. ఎవరూ పిలవని పనులు వేలకొద్దీ అలాగే పడివున్నాయి. పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడపిల్లల బట్టలు బీరువాల నిండా వున్నట్టు! కొత్త హంగులు చేరుస్తూనే, వాళ్ళు ఏళ్ళ తరబడి ఓపికగా ఆ నోట్సును ఇంగ్లీషులోకి మార్చారు. వాడని భాగాలను వెతికి వెతికి తీసేశారు. మార్పు జరిగినప్పుడల్లా తమంతట తాము సరిచూసే పరీక్షలు పెంచుకున్నారు. కొత్తగా వచ్చే వాలంటీర్ల కోసం ‘సులువైన పనులు’ అని ఒక జాబితా వేరే వుంచారు. సముద్రమంత పనిని చెంబులతో తోడారన్నమాట.

మా లంక కుర్రవాడు వుద్యోగం మానలేదు. ఈ తట్టల పద్ధతే పట్టుకున్నాడు. ఏ మార్పు చెయ్యవలసి వచ్చినా, ఆ మార్పు తగిలే చోటు వరకు ముందు శుభ్రం చేసుకుని, తరువాత చేస్తున్నాడు. దానికి వేరే గడువు అడగనక్కరలేదు. మొన్న ఫోను చేసి, “పెద్ద క్లాసులోంచి ఇంతవరకు నాలుగు చిన్నవి విడదీశాను మాస్టారూ. అర్ధరాత్రి ఫోనులు కాస్త తగ్గాయి” అన్నాడు. గొంతులో వుత్సాహం వినిపించింది.

పిల్లల్ని ఏమడగాలి?

తాడేపల్లిగూడెంలో 2015లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వెలిసింది. ఏలూరు చుట్టుపట్ల ఇంజనీరింగు కాలేజీలకు కొదవ లేదు. ప్రోగ్రాములు రాయగల పిల్లలు ఏటా వందల సంఖ్యలో బయటికి వస్తున్నారు. బోధించేవాళ్ళలో ఒకడుగా నాకొక కోరిక వున్నది. పరీక్ష కోసం రాసిన ప్రోగ్రాము ఆ సాయంత్రంతోనే చచ్చిపోతుంది. అలా కాక, కిందటేడు విద్యార్థి రాసినదాన్ని ఈ ఏటి విద్యార్థికి ఇచ్చి, “ఇందులో ఈ మార్పు చెయ్యి, వచ్చే ఏడు ఇంకొకరు నిన్ను తిట్టుకోకుండా చెయ్యి” అంటే ఎలా వుంటుంది? రేపు వాళ్ళు చెయ్యబోయే పని అదే గదా.

తల్లిదండ్రులకూ ఒక మాట. కట్టినవాడి పేరు శిలాఫలకం మీద వుంటుంది; ఏటా పూడిక తీసినవాడి పేరు ఎక్కడా వుండదు. మీ పిల్లల్లో చాలామంది ఆ రెండో రకం పనిలో వున్నారు. మన పింఛన్లూ, దస్తావేజులూ, బ్యాంకు పద్దులూ సక్రమంగా నడుస్తున్నాయంటే, అలాంటివాళ్ళు ఎక్కడో కూర్చుని, ఎవరికీ కనిపించని పని చేస్తున్నందువల్లనే. ఈసారి పండుగకు వచ్చినప్పుడు, “కొత్తగా ఏం రాశావురా?” అని అడగకండి. “ఈ ఏడు ఏమేమి తీసేశావు?” అని అడిగి చూడండి. ఆ ప్రశ్నకు మీ పిల్లల ముఖం విప్పారకపోతే అప్పుడు నన్నడగండి.